అర వోల్టు

పుంగనూరు బస్టాండు వెనక సందులో ఇనాయతుల్లా అంగడికి బోర్డు లేదు. ట్రాక్టర్ల వాళ్లకు, ఆటోల వాళ్లకు, టమోటా బండ్ల డ్రైవర్లకు అతని చోటు తెలుసు. బండి ఆపేసినా బ్యాటరీ దిగిపోతోందంటే ఎక్కడో లోపల వైరు ఒరుసుకుపోయి కరెంటు కారుతోందని అర్థం. ఆ కారే చోటు పట్టడానికి మిగతావాళ్లకు రెండు రోజులు కావాలి. ఇనాయతుల్లాకు ఒక పూట చాలు. యాభై రెండేళ్లు వచ్చినా కళ్లద్దాలు లేకుండానే సన్న వైర్ల రంగులు చెబుతాడు.

ఫిబ్రవరిలో ఒక బుధవారం సాయంత్రం ఒకామె వచ్చి అంగడి ముందు నిలబడింది. ముప్పై ఏళ్లు ఉంటాయి. మెడలో పాల కంపెనీ గుర్తింపు కార్డు ఇంకా తీయలేదు.

"అన్నా, లీకేజీ పట్టేది మీరేనా?"

"నేనేమ్మా. బండి యాడుండాది?"

"బండి కాదన్నా. పడవ."

ఇనాయతుల్లా చేతిలో స్క్రూడ్రైవరు పక్కన పెట్టి స్టూలు చూపించాడు. ఆమె కూర్చోలేదు.

ఆమె పేరు హేమలత. ఊరు పెద్దపంజాణి దగ్గర పల్లె. పాల కంపెనీ ల్యాబులో ఉద్యోగం. వచ్చిన పాలలో వెన్న ఎంత, నీళ్లెన్ని అని చూసి చెప్పడం ఆమె పని. వాళ్ల ఊరి పక్కనే తాగునీటి డ్యాము ఉంది. అందులో చేపలు పట్టేది ఊరి సంఘం. సంఘానికి అర్జీలు రాసేదీ, ఆఫీసుల చుట్టూ తిరిగేదీ హేమలతే. కిందటేడు సంఘానికి ఒక ఇనుప పడవ వచ్చింది. తాగే నీళ్లు కాబట్టి డీజిల్ ఇంజను కుదరదన్నారు. నాలుగు బ్యాటరీలు పెట్టి కరెంటు మోటారు బిగించారు.

"వెదురు పుట్టిలో పోయి వల విసిరినోళ్లకు చేపలు పడ్తాండాయి. అదే వల, అదే మనిషి, ఈ పడవలో నిలబడి విసిరితే జిలేబి చేపలు గూడా పడవు. అందరూ దిష్టి అంటాండారు. నిమ్మకాయలు కట్టినారు. నాకేమో వేరే అనుమానం." ఆమె తొందర తొందరగా చెప్పుకుపోయింది. "స్విచ్చి ఆపినా తెల్లారేసరికి బ్యాటరీ రవంత దిగిపోయుంటాది. తడికాళ్లతో పడవలో నిలబడితే సీమలు పాకినట్టు ఉంటాదని మా మావ అంటాడు. పడవ ఒళ్లంతా కరెంటు ఉండాదేమో. మోటారు కంపెనీ వాళ్లకు పదిసార్లు ఫోను చేసినా. వస్తాం వస్తాం అంటారు, రారు. చేపకు కరెంటు తెలుస్తాదా అన్నా?"

"తెలుస్తాది. మనకు తెలియంది గూడా దానికి తెలుస్తాది. పడవ నుంచి నీళ్లలోకి కారతా ఉంటే దగ్గరికే రాదు." ఇనాయతుల్లా ఒక క్షణం ఆలోచించాడు. "నువ్వు ఎక్కి చూసినావామ్మా, సీమలు పాకినట్టు ఉండాదో లేదో?"

"నేను పడవ ఎక్కనన్నా. మా ఆయన ఆ డ్యాములోనే పోయినాడు. కరెంటుతో చేపలు కొట్టబోయి. మూడేళ్లాయె. సురేంద్ర అని. పేపర్లో గూడా వచ్చింది."

ఇనాయతుల్లా స్క్రూడ్రైవరు మళ్లీ తీసుకుని, అప్పటికే బిగించి ఉన్న మరమేకును ఇంకా బిగించాడు.

"ఆదివారం వస్తాను," అన్నాడు.

ఆమె వెళ్లిపోయాక అతను అంగడి షట్టరు సగం దించి లోపల కూర్చున్నాడు. సురేంద్ర మొహం అతనికి బాగానే గుర్తుంది. మూడేళ్ల కిందట ఒక మధ్యాహ్నం పాత బ్యాటరీ ఒకటి పట్టుకొచ్చాడు. తోటలో లైట్లకు కావాలి, బ్యాటరీ కరెంటును ఇంటి కరెంటంత పెద్దది చేసే డబ్బా కట్టివ్వమన్నాడు. బయట అతని బండి వెనక రెండు వెదురు గడలు కట్టి ఉన్నాయి. గడల చివర ఇనుప రింగులు. పక్కన తడి వల. ఇనాయతుల్లా వాటిని చూశాడు. చూసి, తోటలో లైట్లకేనా అని రెండోసారి అడగలేదు. పాతసామాను కొట్లో తెచ్చిన ఒక స్టెబిలైజరు డబ్బా ఖాళీ చేసి, అందులో ట్రాన్స్‌ఫార్మరు బిగించి ఇచ్చాడు. ఎనిమిదో రోజున పేపర్లో ఫొటో వచ్చింది.

ఆ సంగతి అతను ఎవరికీ చెప్పలేదు. భార్య నూరున్నీసాకు కూడా. కొన్ని నెలలు బస్టాండులో పోలీసు టోపీ కనిపిస్తే అంగడి వెనక్కి వెళ్లి నిలబడేవాడు. ఎవరూ రాలేదు. తర్వాత్తర్వాత ఆ భయం తగ్గింది. పోయిందనుకున్నాడు.

*

ఆదివారం పొద్దున ఎనిమిదింటికి డ్యాము కట్ట దగ్గర బస్సు దిగాడు. హేమలత ఒడ్డున నిలబడి ఉంది. పడవలో ఆమె మామ గంగులప్ప బ్యాటరీల మూత తీసి ఎదురుచూస్తున్నాడు. డెబ్బై దగ్గరపడిన మనిషి. సురేంద్ర తండ్రి. మొహం పోలికలు చూడకూడదని ఇనాయతుల్లా ముందే అనుకున్నాడు గానీ గెడ్డం దగ్గర కళ్లు ఆగిపోయాయి.

"రాప్పా, రా. ఎవురూ నా మాట నమ్మల్యా," అన్నాడు గంగులప్ప. "కాళ్ల కింద ఏదో ఉండాది ఈ పడవలో."

ఇనాయతుల్లా సంచిలోంచి మీటరు తీశాడు. దాని ఒక వైరును పడవ అంచున రంగు గీకిన చోట తగిలించాడు. రెండో వైరు పొడుగ్గా చేసి, చివర రాగి ముక్క కట్టి నీళ్లలోకి వదిలాడు. మీటరులో అంకెలు రెండు మూడుసార్లు అటూ ఇటూ మారి ఒక చోట నిలిచాయి.

"ఎంత?" ఒడ్డు నుంచి హేమలత అడిగింది.

"ఏడు వోల్టులు."

"ఎంత ఉండాల?"

"పడవకు, నీళ్లకు మధ్య అర వోల్టు ఉంటే ఉండొచ్చు. నీళ్లలో రెండు రకాల లోహం ఉంటే ఆ మాత్రం దానంతట అదే పుడతాది. ఏడు ఉండకూడదు."

అంతలో నీళ్ల నడుమ నుంచి కేక వినిపించింది. రెండు పుట్టీలు గబగబా ఇటు వస్తున్నాయి. సురేంద్ర పోయినప్పటి నుంచి డ్యాములో కరెంటు పెట్టిన వాణ్ణి ఊరు వదలదు. నీళ్లలోకి వేలాడుతున్న వైరు వాళ్లకు దూరం నుంచే కనిపించింది.

"ఎవుడప్పా ఆడ కరెంటు పెడ్తాండేది?"

హేమలత కట్ట మీదికి రెండడుగులు ఎక్కి జవాబిచ్చింది. "పెడ్తాండేది కాదు, తీస్తాండేది. నేనే పిలిపించినా. మీ పని సూస్కోండి."

పుట్టీలు ఆగాయి కానీ వెనక్కి వెళ్లలేదు. అందులో వాళ్లు గడలు ఆనించి చూస్తూ నిలబడ్డారు. ఇనాయతుల్లా వీపు మీద ఆ చూపులు తగులుతూనే ఉన్నాయి. అతను తలెత్తకుండా పని చేశాడు.

బ్యాటరీ వైరు ఊడదీస్తే ఏడు వోల్టులు అర వోల్టుకు దిగాయి. తగిలిస్తే మళ్లీ ఏడు. అంటే కారేది బ్యాటరీ నుంచి మోటారుకు పోయే దారిలోనే. కూర్చునే పలక విప్పి, లావు ఎర్ర వైరును వేలితో తడుముకుంటూ వెనక్కి వెళ్లాడు. పడవ మధ్యలో ఒక అడ్డ రేకు ఉంది. దానికి తొలిచిన బెజ్జంలోంచి వైరు పోతోంది. బెజ్జం అంచుకు రబ్బరు లేదు. పడవ కదిలినప్పుడల్లా వైరు ఆ పదును మీద ఒరిసి ఒరిసి, పైతొడుగు తెగి, లోపలి రాగి మెరుస్తోంది. ఆ రాగి రేకును తాకుతోంది. రేకు పడవను తాకుతోంది.

"ఈడ సూడు పెద్దాయనా. మీ సీమలు ఈడి నుంచే వస్తాండాయి."

గంగులప్ప వంగి చూశాడు. చాలాసేపు చూశాడు. "ఇంత దానికా," అన్నాడు.

ఇనాయతుల్లా తెగిన చోట కోసి కొత్త వైరు అతికించాడు. లారీ ట్యూబు ముక్క కత్తిరించి బెజ్జం చుట్టూ తొడిగాడు. మీటరు అర దగ్గర నిలబడింది. గంగులప్ప పడవను వంద గజాలు లోపలికి తీసుకెళ్లి వల విసిరాడు. మొదటి విసురుకు నాచు వచ్చింది. రెండో దానికి జిలేబి చేపలు నాలుగు. మూడో దానికి జిలేబి చేపలతో పాటు రెండు కిలోల బొచ్చె ఒకటి వలలో పొర్లింది. ముసలాయన దాన్ని పడవలో వేసి, కోడలి వైపు చేయి ఎత్తి చూపించాడు. పుట్టీల్లో వాళ్లు అప్పుడు వెనక్కి తిరిగారు.

తర్వాత కట్ట మీద కూర్చుని టీ తాగారు. హేమలత ఫ్లాస్కులో తెచ్చింది. ఆమె తేలికపడినట్టుంది, మాటలు వాటంతట అవే వచ్చాయి.

"మా ఆయన డబ్బా గూడా ఇట్లనే ఎవురన్నా సూసి చెప్పింటే బాగుండు. దాన్ని కట్టినోడు యాల కట్టినాడో నాకు ఇప్పటికీ అర్థం కాదు. మనిషి పోతాడని తెలిసేది కదా వానికి."

ఇనాయతుల్లా గ్లాసు కింద పెట్టాడు.

"వాన్ని నేను వదల్లేదన్నా. డబ్బా మింద కుప్పం అంగడి చీటీ అంటించి ఉండె. భీమరావు ఎలక్ట్రికల్స్ అని. దినాలు కాంగానే మా వాళ్లను తీసుకొని పోయినా. వాని అంగడి ముందర మన్నెత్తి పోసినా. బజారంతా మూగినారు. పోలీసులు గూడా వాన్ని ఒక రోజంతా కూర్చోబెట్టినారు. నేను కట్టలేదు, నాకు తెలియదు అని ఒకటే మాట. సాక్ష్యం లేదని వదిలేసినారు. ఆ యేడే అంగడి మూసేసినాడని విన్నా. మూసేయనీ అనుకున్నా."

ఆ చీటీ సంగతి ఇనాయతుల్లాకు తెలియదు. పాతసామానులో కొన్న డబ్బా మీద ఏం అంటించి ఉందో అతను చూడలేదు. చూసినా గీకేసి ఉండేవాడు కాదు. టీ ఇంకా సగం ఉంది. అతను లేచి నిలబడ్డాడు.

"బస్సుకు టైమయింది," అన్నాడు. గంట దాకా బస్సు లేదని ముగ్గురికీ తెలుసు.

*

ఆ వారం అతని పని పాడైంది. ఒక ఆటోకు ఎర్ర వైరు బదులు నల్లది తగిలించి ఫ్యూజు కాల్చాడు. చేసిన పనినే మళ్లీ విప్పి చూశాడు. అన్నం ముందు కూర్చుని లేచిపోయేవాడు. వాకిట్లోకి, మళ్లీ లోపలికి తిరిగేవాడు.

"క్యా హుయా జీ?" అని నూరున్నీసా రెండుసార్లు అడిగింది. ఏమీ లేదన్నాడు. మూడోసారి ఆమె అడగలేదు, అతని వెనకే వాకిట్లోకి వచ్చి నిలబడింది. అప్పుడు చెప్పేశాడు. గడలు, తడి వల, డబ్బా, పేపరు, ఇప్పుడు కుప్పం మనిషి.

"వాళ్లకు తెలియకపోతే తెలియకుండానే పోతుంది," అంది నూరున్నీసా తమ దక్కనీ ఉర్దూలో. "మనకు ఇద్దరు ఆడపిల్లలు ఉన్నారు." కాసేపాగి, "ఆ కుప్పం ఆయనకు కూడా ఎవరో ఒకరు ఉంటారు," అంది. ఏం చెయ్యమని మాత్రం చెప్పలేదు.

మర్నాడు అతను మదనపల్లె వెళ్లాడు. పడవ అక్కడి వెల్డింగు షెడ్డులోనే తయారైందని గంగులప్ప చెప్పాడు. షెడ్డు యజమానిని అడిగి జింకు పలక ఒకటి కొన్నాడు. పడవకు జింకు బిగిస్తే తుప్పు ముందు దాన్ని తింటుంది, ఇనుమును వదిలేస్తుంది. మంచి పనే. కానీ దానికోసం రెండు బస్సులు మారి రావలసినంత తొందర ఏమీ లేదు. ఆ సంగతి షెడ్డు యజమాని కూడా అన్నాడు. "అర వోల్టుకు ఇంత తిరుగుతాండావా?" అని నవ్వాడు.

గురువారం మధ్యాహ్నం జింకు పలక సంచిలో వేసుకుని డ్యాముకు వెళ్లాడు. హేమలతకు ముందే ఫోను చేశాడు. ఆమె డ్యూటీ దిగి నేరుగా వచ్చింది. గంగులప్ప కట్ట కింద వల బాగు చేసుకుంటున్నాడు. పడవ ఒడ్డుకు లాగి ఉంది. మూడు రోజులుగా చేపలు పర్వాలేదని, పుట్టి వాళ్లకు పడినన్ని పడుతున్నాయని హేమలత చెప్పింది.

ఇనాయతుల్లా మీటరు పెట్టి చూశాడు. అర. మళ్లీ చూశాడు. పడవ అడుగున జింకు బిగించడానికి చోటు వెతికాడు. వెతుకుతూనే ఉన్నాడు.

"అన్నా, ఆ అర వోల్టు ప్రమాదమా?" హేమలత అడిగింది.

"కాదు."

"చేపలకు?"

"వాటికి గూడా ఏం కాదు. ఆ పొద్దే చెప్పినా కదా, అది ఎట్లనూ ఉంటాది."

"మరి యాల వచ్చినారు ఇంత దూరం?"

ఆమె మామూలుగానే అడిగింది. ల్యాబులో పాలు తేడాగా కనిపిస్తే అడిగినట్టు. ఇనాయతుల్లా జింకు పలకను పడవ అంచున పెట్టాడు. అది జారి నీళ్లలో పడింది. అతను తీయలేదు.

"ఆ డబ్బా కుప్పం ఆయన కట్టింది కాదమ్మా. పైన డబ్బా ఒక్కటే ఆయన అంగడిది. పాతసామాన్లో నేను కొన్నా. లోపలంతా నేనే కట్టినా."

హేమలత అతని మొహం చూసింది.

"తోటలో లైట్లకని చెప్పినాడు. నేను బండి మింద గడలు సూసినా. రింగులు సూసినా. దేనికో తెలిసింది. తెలిసే కట్టినా."

గంగులప్ప చేతిలో వల అలాగే ఆగిపోయింది. ఇనాయతుల్లా ఇంకా ఏదో చెప్పబోయాడు. క్షమించమని అనాలనుకున్నాడు. హేమలత చేయి ఎత్తి ఆపింది.

"ఆ గడలు ఎన్నుండె?"

"రెండు."

"నీలం తాడు కట్టిందా?"

"అవును."

"ఆ తాడుతో వాటిని బండికి కట్టింది నేనే," అంది. "పందిరికి అని చెప్పినాడు నాకు. నేను నమ్మినా. నువ్వు నమ్మలేదు."

ఆమె 'అన్నా' అనడం మానేసిందని, 'మీరు' అనడం కూడా మానేసిందని ఇనాయతుల్లాకు తెలిసింది. ఆమె కట్ట మీదికి వెళ్లి, తిరిగొచ్చి, మళ్లీ వెళ్లింది. నీళ్ల దగ్గర కూర్చోబోయి లేచింది. గంగులప్ప మాత్రం కదల్లేదు. కూర్చున్న చోటి నుంచే అన్నాడు, "నా కొడుకు అడగకపోతే నువ్వు కట్టేవానివి కాదు. నువ్వు కట్టకపోతే ఇంకోడు కట్టింటాడు. నేను ఏమనేది." ఆ మాటలో కోపం లేదు, ఓదార్పూ లేదు. ఇనాయతుల్లాకు అది తిట్టు కన్నా కష్టంగా తోచింది.

హేమలత చివరికి అతని ముందుకు వచ్చి నిలబడింది.

"కుప్పం ఆయన ముందర నేను మన్ను పోసినా. ఆయన చేయని దానికి. ఆదివారం నేను పోతాండా. నువ్వు గూడా రావాల. నాకు చెప్పిందే ఆయనకు చెప్పాల."

"వస్తాను."

"తర్వాత పోలీసోళ్లకు చెప్పాల."

"చెప్తాను."

"ఆ పలక తీసి బిగించి పో," అంది. "పడవ సంఘానిది."

అతను మోకాలి లోతు నీళ్లలో దిగి, తడుముకుని జింకు పలక తీశాడు. బిగించేదాకా ఆమె అక్కడే నిలబడి చూసింది.

*

ఆదివారం పలమనేరు మీదుగా బస్సులో కుప్పం వెళ్లారు. హేమలత ముందు సీట్లో, ఇనాయతుల్లా వెనక నాలుగు వరసల దూరంలో కూర్చున్నారు. వి.కోట దాటాక అతను నీళ్ల బాటిల్ ఇవ్వబోతే వద్దంది.

బజారు వీధిలో పాత అంగడి చోట ఇప్పుడు సెల్‌ఫోను కవర్లు అమ్ముతున్నారు. వాళ్లకు భీమరావు ఎవరో తెలియదు. పక్కనే పూలు కట్టే అక్కమ్మ చెప్పింది. రైల్వే స్టేషను దగ్గర సందులో ఇంటి వరండాలోనే మిక్సీలు, ఫ్యాన్లు బాగు చేస్తున్నాడట.

భీమరావు బక్కపలచని మనిషి. ఫ్యానుకు తీగ చుడుతున్నాడు. హేమలతను చూడగానే గుర్తుపట్టాడు. చేతిలో తీగ వదల్లేదు.

"ఏమమ్మా, ఇంకా ఏమన్నా మిగిలిందా?"

"లేదు సార్. తప్పు చెప్పుకోను వచ్చినా."

ఇనాయతుల్లా నిలబడే మొత్తం చెప్పాడు. పడవ దగ్గర చెప్పినట్టు కాక, ఈసారి మొదటి నుంచి. పాతసామాను కొట్టు, డబ్బా, గడలు, పేపరు, మూడేళ్లు. భీమరావు వింటూ తీగ చుడుతూనే ఉన్నాడు. వేళ్లు లెక్క తప్పి ఒకచోట ఆగిపోయాయి. చుట్టింది విప్పి మళ్లీ మొదలుపెట్టాడు.

"డబ్బా నాదే, లోపలిది నాది కాదు," అన్నాడు. "ఆ రోజు నేను చెప్పింది ఇదే. ఇదే మాట. బజార్లో చెప్పినా. పోలీసోళ్లకు చెప్పినా. మా ఇంటామెకు చెప్పినా. ఆమె గూడా ఒకసారి అడిగింది, నిజం చెప్పు అని."

లోపలి నుంచి తలుపు చప్పుడైంది. ఎవరూ బయటికి రాలేదు.

"నాకు తెలియక చేసినా," అంది హేమలత.

"నువ్వు మొగుడు పోయి వచ్చినావు. నిన్ను నేను ఏమీ అనలేదమ్మా, అప్పుడు గూడా." భీమరావు ఇనాయతుల్లా వైపు తిరిగాడు. "నువ్వు పుంగనూర్లో నీ అంగట్లో కూర్చోనుంటివి."

"అవును."

"ఇక్కడ చెప్తే నాకేం లాభం. ఆడ చెప్పు. బజార్లో. ఆమె మన్ను పోసిన చోట."

ముగ్గురూ నడిచి బజారుకు వెళ్లారు. పదకొండు గంటల ఎండ. సెల్‌ఫోను అంగడి ముందు నిలబడి ఇనాయతుల్లా జనం వైపు తిరిగాడు. ఎలా మొదలుపెట్టాలో తెలియలేదు. తన పేరు, ఊరు చెప్పాడు. మూడేళ్ల కిందట ఇక్కడ భీమరావు అంగడి ఉండేదని, ఒక మనిషి చావుకు ఆయన కారణమని గొడవ జరిగిందని, ఆ డబ్బా కట్టింది తానేనని, భీమరావుకు ఏ సంబంధమూ లేదని గట్టిగా చెప్పాడు. టీ కొట్టు దగ్గర నలుగురు తల తిప్పారు. ఒకతను ఏ భీమరావు అని పక్కవాణ్ణి అడిగాడు. పక్కవాడికీ తెలియదు. సెల్‌ఫోను అంగడి వాళ్లు, గిరాకీకి అడ్డం అవుతోంది, కొంచెం జరగండి అన్నారు.

అక్కమ్మకు మాత్రం గుర్తుంది. "ఈయన అట్లాటోడు కాదని నాకు అప్పుడే తెలుసు," అంది పూలు కడుతూ.

"అప్పుడు చెప్పలేదే అక్కా," అన్నాడు భీమరావు.

అక్కమ్మ తల దించుకుంది. భీమరావు ఆ అంగడి గుమ్మం వైపు, పైన మారిన బోర్డు వైపు చూశాడు. అతను ఇంకా చాలామంది వింటారనుకున్నాడేమో. మొహంలో ఏదో కావాలని వచ్చి దొరక్క నిలబడ్డ మనిషి వాలకం. కాసేపటికి, ఫ్యాను ఇవ్వాల్సింది ఉంది అని, ఎవరి వైపూ చూడకుండానే నడిచి వెళ్లిపోయాడు. హేమలత రెండడుగులు వెనక వెళ్లి ఆగింది.

*

సోమవారం ఇనాయతుల్లా పోలీసు స్టేషనుకు వెళ్లి కాగితం రాసిచ్చాడు. అక్కడి రైటరు చదివి, పాత ఫైలు వెతకాలి, పై అధికారికి చెప్పాలి, ఫోను చేస్తాం అన్నాడు. నంబరు రాసుకున్నాడు. నూరున్నీసా ఆ రోజు నుంచి ఫోను మోగితే పని ఆపి చూసేది. సిమ్ కంపెనీ ఫోన్లు వచ్చేవి, డ్రైవర్ల ఫోన్లు వచ్చేవి. రావలసింది రాలేదు. పిలిస్తే వెళ్లాలన్న భయం ఒకవైపు, పిలవకపోతే ఎలా అన్న గాబరా ఒకవైపు. ఏది ఎక్కువో ఇనాయతుల్లాకే తెలిసేది కాదు.

మీటరును అతను హేమలతకు ఇచ్చేశాడు. చూడడం ఆమెకు ఒక్కసారిలోనే వచ్చింది. ప్రతి ఆదివారం పొద్దున ఆమె ఫోను చేసేది. "సున్నా పాయింటు ఐదు," అనేది. పెట్టేసేది. ఒకసారి, "సున్నా పాయింటు నాలుగు, జింకు రవంత అరిగింది," అంది. చేపలు ఎలా పడుతున్నాయో అతను అడిగితే, "పడ్తాండాయి," అంది.

ఏప్రిల్లో ఒక ఆదివారం పదిన్నర దాకా ఫోను రాలేదు. పడవకు ఏమన్నా అయిందా, గంగులప్పకు ఏమన్నా అయిందా అని అతను అంగడి మూసి బస్సెక్కాడు. డ్యాము మీద పడవ తిరుగుతోంది. గంగులప్ప వల విసురుతున్నాడు. హేమలత ఒడ్డున మీటరు విప్పి చూస్తోంది.

"దీని బ్యాటరీ అయిపోయింది," అంది అతన్ని చూసి. "నేనే తెచ్చుకుంటా. నువ్వు పో."

అతను అలాగే అన్నాడు. గంగులప్ప పడవలోంచి చేయి ఊపాడో, వల దులుపుకున్నాడో దూరానికి తెలియలేదు. కట్ట ఎక్కి బస్సు కోసం నిలబడ్డప్పుడు ఫోను మోగింది. స్టేషను నుంచి. రేపు పదింటికి రావాలి.

"ఎవరెవరు రావాలి సార్?"

"నువ్వొక్కడివే."

వస్తానన్నాడు. నూరున్నీసాకు చెప్పాలని నంబరు తీసి, ఇంటికి వెళ్లే చెబుదామని ఫోను జేబులో పెట్టుకున్నాడు. బస్సు ఖాళీగానే వచ్చింది. కిటికీ పక్క సీటు కూడా ఉంది. ఇనాయతుల్లా కూర్చోలేదు. పుంగనూరు దాకా కమ్మీ పట్టుకుని నిలబడే వచ్చాడు.